నమూనా వేలు

మనిషి చేతులకు పది వేళ్లున్నాయని ప్రకృతి అంటుంది. పరికరాల ఆమోద మండలి మాత్రం ఈ విషయాన్ని ఇంకా పరిశీలిస్తోంది. తొందరపడి ఔననేస్తే, రేపు పదకొండో వేలున్నవాడు వచ్చి నిలదీసినప్పుడు జవాబు చెప్పుకోవలసింది మండలే గాని ప్రకృతి కాదు కదా!

ఈ మండలి పెద్దాసుపత్రి రెండో అంతస్తులో ఉంటుంది. లిఫ్టు మొదటి అంతస్తు దాకానే వెళుతుంది (రెండో అంతస్తుకు పొడిగించాలన్న ప్రతిపాదన కూడా మండలి పరిశీలనలోనే ఉంది). రోగి ఒంటికి తగిలించే ఏ వస్తువైనా సరే, దూది మొదలుకొని ఊతకర్ర వరకు, ఇక్కడ ముద్ర పడితే తప్ప కింద వార్డుల్లోకి దిగకూడదు. నిజానికి మంచి నియమమే. పెట్టినవాళ్లు కూడా మంచివాళ్లే. దాన్ని కాపాడడానికి తర్వాత వచ్చినవాళ్లు ఇంకా మంచివాళ్లు కావడంతోనే చిక్కొచ్చిపడింది.

కింద వరండా చివరి గదిలో కట్లక్క పనిచేస్తుంది. విరిగినవి, బెణికినవి, తెగినవి, అన్ని రకాల వేళ్లకూ కట్టు వేసి, మళ్లీ వంగడం, నిలబడడం నేర్పించడం ఆమె ఉద్యోగం. ఆ ఉద్యోగానికి పొడుగాటి పేరొకటి ఉంది. తలుపు మీద రాశారు కూడా. అయితే తలుపు ఎప్పుడూ బార్లా తెరిచే ఉంటుంది కాబట్టి ఆ పేరు గోడ వైపు తిరిగి ఉంటుంది. రోగులు కట్లక్కా అని పిలుస్తారు, ఆమె పలుకుతుంది.

ఆసుపత్రి సామాన్ల గదిలో వేలిని నిటారుగా నిలబెట్టే ఆధారాలు మూడు సైజుల్లో దొరుకుతాయి. చిన్నది ఎవరికీ ఎక్కదు. పెద్దది ఎవరికీ నిలవదు. మధ్యది ఎప్పుడూ ఉండదు. పోనీ ఎలాగో ఒకటి తగిలించినా, నాలుగు రోజుల్లో వాపు తీసిందంటే అది జారి కంచంలో పడుతుంది. అందుకని వరండాలో బెంచీ మీద కూర్చున్నవాళ్లు తమ ఏర్పాట్లు తామే చేసుకుని వచ్చేవారు. ఒకరు పెన్ను, ఒకరు విరిగిన దువ్వెన ముక్క, ఒక బస్సు డ్రైవరైతే పళ్లు తోముకునే బ్రష్షు కట్టుకుని వచ్చాడు. (మరి పళ్లు దేంతో తోముకుంటున్నావని కట్లక్క అడగలేదు. కొన్ని ప్రశ్నలు వైద్యం పరిధిలోకి రావు.)

ఇలా రోజులు గడుస్తుండగా కట్లక్క సొంత పిన్ని వేలికే దెబ్బ తగిలింది. పిన్ని దర్జీ. అంటే చొక్కాలు కుట్టే దర్జీ కాదు, కోట్లకు చేత్తో కాజాలు తీసే దర్జీ. ఆవిడ తీసిన కాజా ముందు గుండీ తనంతట తానే తల వంచి దూరుతుందని పెద్ద దుకాణాలవాళ్లు చెప్పుకునేవారు. అలాంటి మనిషి ఒక పొద్దున పరుపు కింద దుప్పటి దోపుతుంటే కుడిచేతి నడిమి వేలు చివరి కణుపు దగ్గర టక్కుమంది. నొప్పి పెద్దగా లేదు. వేలి కొస మాత్రం కిందికి వాలిపోయింది. ఎత్తమంటే ఎత్తదు.

"చూడవే అమ్మడూ, అలిగిన అల్లుడిలా ఎలా తల దించుకుందో! యుద్ధంలో పోయిందా అంటే అదీ లేదు. దుప్పటి దోపుతుంటే పోయింది. నలుగురికీ చెప్పుకుంటే నవ్విపోతారు" అంది పిన్ని.

"దుప్పటితోనే ఎక్కువ పోతాయి పిన్నీ. లోపల వేలి కొసను ఎత్తే తాడు తెగింది. నిటారుగా నిలబెట్టి నెలన్నర ఉంచితే దానంతట అదే అతుక్కుంటుంది. కానీ మధ్యలో ఒక్కసారి కూడా వంగకూడదు. వంగిందా, మళ్లీ మొదటికొచ్చినట్టే."

"స్నానానికి?"

"స్నానానికీ వంగకూడదు."

"మీ బాబాయిని తిట్టేటప్పుడో?"

"దానికి చూపుడు వేలుంది కదా, అది వాడుకో."

పిన్ని నవ్వింది గాని, వెంటనే ఎడంచేత్తో ఆ వేలిని పొదివి పట్టుకుంది. "సూదిని నెట్టేది ఈ వేలేనే. కొసకి ఇత్తడి టోపీ పెట్టుకుని దీంతోనే నెడతాను. ఇది వంకరపోతే టోపీ నిలవదు, టోపీ నిలవకపోతే కాజా లేదు. ఇంకో పని నాకు చాతకాదు, తెలుసుగా?"

కట్లక్కకు తెలుసు. అందుకే ఆ సాయంత్రం వంటింటి బల్ల మీద పని మొదలైంది. షాంపూ సీసా కోసి వేడినీళ్లలో వేస్తే మొదటిది ముడుచుకుపోయి ఉండకట్టింది. రెండోదాని అంచు గీరుకుంది. మూడోసారికి వేలి కింద ఒదిగే చిన్న దోనె తయారైంది. దాన్ని రెండు ముక్కలు చేసి, ఒకదాని మీద ఒకటి జరిగేలా అమర్చింది. అప్పుడు వేలు పొట్టిదైనా పొడుగుదైనా ఒకటే లెక్క. లోపల పాత చెప్పు మెత్త అంటించింది. పైన పట్టీకి భుజాన వేసుకునే సంచి తాలూకు జారే బకిలు పెట్టింది. దాంతో వాపు తీసిన కొద్దీ కట్టు విప్పకుండానే బిగించుకోవచ్చు. పట్టీని పిన్నే ఎడంచేత్తో కుట్టింది, కుట్టు కుట్టుకీ తన ఎడంచేతిని తిట్టుకుంటూ. మధ్యలో బాబాయి వచ్చి "నా సంచికి పట్టీ ఏదర్రా?" అన్నాడు. పిన్ని దాని మీద ఇంకో కుట్టు వేసింది.

ఆ కట్టు నిలబడింది. వేలు నిటారుగా నిలబడింది. వారం గడిచినా జారలేదు. కట్లక్కకు పట్టరాని సంతోషం కలిగింది. బ్రష్షు కట్టుకున్న డ్రైవరు గుర్తొచ్చాడు, దువ్వెన ముక్కావిడ గుర్తొచ్చింది. ఇంత తేలిక వస్తువు అందరికీ ఎందుకు పెట్టకూడదు అనుకుంది. అక్కడే ఆమె పొరపాటు చేసింది. మంచి ఆలోచన రావడం పొరపాటు కాదు. దాన్ని పై అంతస్తులో చెప్పడం పొరపాటు.

మండలికి దరఖాస్తు యాప్‌లోనే పెట్టుకోవాలి. పరికరంతో పాటు దాన్ని పెట్టుకున్న నమూనా రోగి వివరాలూ ఇవ్వాలి. దెబ్బకు కారణం అన్నచోట నాలుగే ఉన్నాయి: తలుపు, యంత్రం, జంతువు, జీవిత భాగస్వామి. దుప్పటి లేదు. ఇతరములు అన్నది అసలే లేదు (ఇతరములు అని పెడితే జనం అదే నొక్కుతున్నారని తీసేశారు). ఏదో ఒకటి నొక్కనిదే తర్వాతి పేజీ రాదు. బాబాయి పక్కనే ఉన్నాడు కాబట్టి నాలుగోది నొక్కడానికి పిన్ని ఒప్పుకోలేదు. తలుపు నొక్కితే తలుపు ఫొటో, యంత్రం నొక్కితే యంత్రం రసీదు అడుగుతోంది. జంతువుకు మాత్రం ఏ రుజువూ అక్కర్లేదు. ఆ విధంగా, ఎన్నడూ పిల్లిని పెంచని ఇంట్లో పిల్లి కరిచి పిన్ని వేలు పోయింది.

మండలికి కార్యదర్శిగా ఉన్నాయన కట్లక్కకు వేలు విడిచిన మేనమామ అవుతాడు. పెళ్లిళ్లలో గుర్తుపట్టేంత దగ్గర, అవసరంలో గుర్తుపట్టనంత దూరం. వరండాలో కనబడితే "ఏమ్మాయ్, అమ్మ బావుందా?" అంటాడు. మెట్లెక్కి మండలి గది గడప దాటితే ఆయనకు ఆమె దరఖాస్తుదారు. పిన్ని, అంటే వరసకు సొంత చెల్లెలంతటిది, నమూనా.

మొదటి సమావేశం రోజున గడప దగ్గరే మేనమామ చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆమోదం లేని పరికరం ధరించి లోపలికి రాకూడదు. తీసి ఈ పళ్లెంలో పెట్టండి."

"ఆ పరికరానికి ఆమోదం అడగడానికేగా మేం వచ్చింది?" అంది కట్లక్క.

"అందుకే ఇంకా లేదంటున్నాను."

ఈ మాటలో తప్పు పట్టడానికేమీ దొరకలేదు. కట్లక్క కట్టు విప్పి, పిన్ని వేలి కింద తన వేలు పెట్టి నిటారుగా పట్టుకునే లోపలికి నడిపించింది. లోపల పొడుగు బల్ల చుట్టూ సభ్యులు కూర్చున్నారు. చివర అధ్యక్షులవారు.

"నమూనా వేలికి గాయమైనట్టు రుజువేది? చూస్తే చక్కగా నిటారుగా ఉందే!" అన్నారు అధ్యక్షులు.

"నేను పట్టుకున్నాను కాబట్టి ఉంది సార్. వదిలితే వాలిపోతుంది."

"అయితే వదలండి."

"వదిలితే లోపల అతుకుతున్నది ఊడిపోతుంది సార్. మళ్లీ మొదటి నుంచీ..."

"గాయం చూడకుండా గాయానికి పరికరం ఎలా ఆమోదిస్తామమ్మా? రేపు ఆడిట్ వాళ్లు అడిగితే?"

పిన్ని కట్లక్క చెవిలో "పోనీలే వదలవే, ఇవాళ్టితో అయిపోతుందిగా" అంది. కట్లక్క వదిలింది. వేలి కొస మెల్లగా వాలింది. సభ్యులందరూ మెడలు చాచి చూశారు. ఒకాయన ముచ్చటపడి ఫొటో కూడా తీసుకున్నాడు.

"సంతృప్తికరంగా వాలింది" అని రాయించారు అధ్యక్షులు. తర్వాత కాగితం తిప్పి, "పిల్లి ఇప్పుడెలా ఉంది?" అని అడిగారు.

"బావుందండీ" అంది పిన్ని. ఆవిడ అబద్ధాలాడే మనిషి కాదు. ఊళ్లో ఏదో ఒక పిల్లి బావుండే ఉంటుందని ఆవిడ నమ్మకం.

ఆపైన అసలు చర్చ మొదలైంది. పరికరం సైజు అన్నచోట కట్లక్క "సర్దుబాటు చేసుకోవచ్చు" అని రాసింది. సామాన్ల గది యాప్‌లో మాత్రం చిన్న, మధ్య, పెద్ద అన్నవి తప్ప మరో సైజు లేదు. సర్దుబాటు అనేది సైజా, గుణమా అన్న విషయమై సభ్యులు చాలాసేపు మథనపడ్డారు.

"ఐదు వేళ్లూ ఒక్కలా ఉండవు కదా సార్" అంది కట్లక్క, ఇక ఉండబట్టలేక.

"అది సామెతమ్మా. ఎవరు చెప్పారో, ఏ పరిశోధన చేసి చెప్పారో ఆధారం లేదు. సామెతలను మండలి పరిగణనలోకి తీసుకోదు" అన్నారు అధ్యక్షులు. నొచ్చుకునేలా కాదు, ఎంతో సౌమ్యంగా అన్నారు. వేళ్ల మధ్య తేడాలున్నదీ లేనిదీ తేల్చడానికి ఉపసంఘం వేశారు. వచ్చే సమావేశానికి అదే నమూనాతో రావాలి. నమోదైన నమూనాను మార్చడానికి వీల్లేదు. నమూనా రాకపోతే దరఖాస్తు రద్దవుతుంది.

మెట్లు దిగుతుంటే మేనమామ వెనకాలే వచ్చాడు. గడప దాటాడు కాబట్టి మళ్లీ మేనమామ అయ్యాడు. "కంగారు పడకమ్మాయ్. ఇంకొక్క సమావేశమే" అన్నాడు.

ఇంటికెళ్లి కట్లక్క మళ్లీ కట్టు బిగించింది. మళ్లీ మొదటి నుంచీ లెక్క. ఇక చాలు, నువ్వు రావద్దు, రద్దయితే అయింది అని పిన్నికి ఖండితంగా చెప్పింది. పిన్ని ఒప్పుకోలేదు. వరండాలో ఆ బెంచీ మీద ఆవిడా కూర్చుని వచ్చింది మరి.

"ఆ బ్రష్షాయన స్టీరింగు పట్టుకోలేకపోతున్నాట్టే. ఇంట్లో నలుగురు తినాలి. ఇంకొక్కసారంటున్నారు కదా. అయినా మనవాడే ఉన్నాడక్కడ, అన్నయ్య చూసుకోడూ?"

అన్నయ్య చూశాడు. రెండో సమావేశంలో బల్ల చివర కూర్చుని కళ్లప్పగించి చూశాడు. ఆ రోజు సభ్యుల్లో సగం మంది కొత్తవాళ్లు. మొదటిసారి వాలినట్టు కాగితం మీద ఉంది గాని తాము స్వయంగా చూడలేదు కదా అన్నారు. అందుకని వాల్చారు. ఒక పెద్దాయనకు చూపు ఆనక, చేత్తో పట్టుకుని అటూ ఇటూ ఆడించి తృప్తిపడ్డాడు. మూడో సమావేశానికి అధ్యక్షులు మారారు. కొత్త అధ్యక్షులు నిజాయితీపరులు, పాతవారి సంతకాల మీద ఆధారపడడం ఆయన పద్ధతి కాదు. అన్నీ మొదటి నుంచి చూస్తానన్నారు, వేలితో సహా. పిల్లికి టీకా వేయించినట్టు పత్రం కూడా కోరారు.

నాలుగోసారికి కట్లక్క చేతికి తేడా తెలిసింది. కింద నుంచి ఎత్తి పట్టుకున్నా పిన్ని వేలి కొస పూర్తిగా లేవడం లేదు. ఎత్తబోతే కణుపు దగ్గర గట్టిగా ఎదురు తిరుగుతోంది. ఎన్నో వేళ్లు పట్టుకున్న చెయ్యి అది. అర్థం కాకపోవడమనేది ఉండదు. ఆమెకు ఒళ్లు మండిపోయింది, ఏడుపూ వచ్చింది. రెండూ దిగమింగి నిలబడి, "అయ్యా, ఈ వేలు పాడవుతున్నది దెబ్బ వల్ల కాదు. మీ సమావేశాల వల్ల. మీరు చూసిన ప్రతిసారీ అతుకు ఊడుతోంది. దయచేసి ఇక చూడకండి" అంది.

ఇంత తీవ్రమైన ఆరోపణను మండలి తేలిగ్గా తీసుకోలేదు. నిబంధనల పుస్తకం తెప్పించి అప్పటికప్పుడు పరిశీలించారు. దుష్ఫలితాలన్నవి పరికరాలకు మాత్రమే ఉంటాయనీ, సమావేశం పరికరం కాదు కనుక దానివల్ల దుష్ఫలితాలు కలగడానికి అవకాశం లేదనీ తేలింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

"అన్నయ్యా, నువ్వైనా చెప్పు" అంది పిన్ని.

మేనమామ కాగితాల్లోకి తల దించాడు. "సమావేశం జరుగుతుండగా నమూనా మాట్లాడరాదు" అన్నాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన కాగితాన్ని తలకిందులుగా పట్టుకున్న మాట నిజమే. కానీ అది రికార్డులో లేదు.

ఎట్టకేలకు ఆమోదం వచ్చింది, కొద్దిపాటి మార్పులతో. జరిగే ముక్కలు, జారే బకిలు తొలగించారు. అవి ఉంటే సైజు స్థిరంగా ఉండదు, సైజు స్థిరంగా లేని వస్తువును సామాన్ల గది యాప్ తీసుకోదు. పేరు మాత్రం "సర్దుబాటు వేలి ఆధారం" అనే ఉంచారు, ఆ పేరుతో అప్పటికే నమోదైపోయింది కాబట్టి. ఇక ఆధారాలు పోతపోసే అచ్చు విషయం. వేళ్ల మధ్య తేడాలున్నట్టు నిర్ధారించలేకపోయామని ఉపసంఘం నివేదిక ఇచ్చింది. వారు పరిశీలించినది ఒక్క వేలినే. తేడా కనబడాలంటే రెండోది ఉండాలి కదా! కనుక మండలి దగ్గర నమోదై ఉన్న ఏకైక వేలి నుంచే, ఆమోదం తేదీ నాటికి ఆ వేలు ఏ ఆకారంలో ఉందో అదే ఆకారంలో అచ్చు తీయాలని తీర్మానించారు.

"సార్, ఆ వేలు వంకరగా ఉంది! వంకర అచ్చులో వేలు పెడితే వంకరే అవుతుంది!" అంది కట్లక్క.

"ఆమోదం పొందిన వేలమ్మా అది" అన్నారు అధ్యక్షులు. "ఇన్నిసార్లు, ఇంతమంది చూసిన వేలు ఈ ఆసుపత్రిలో ఇంకొకటి లేదు."

కట్లక్క ఆ వారమే బస్సు డ్రైవరుకు పాత పద్ధతిలో, షాంపూ సీసాతో ఒక కట్టు చేసి ఇచ్చింది. మర్నాటికల్లా నోటీసు వచ్చింది. ఆమోదించిన పరికరానికి నకలు తయారు చేయడం నేరమట. వంటింటి బల్ల మీద పుట్టిందే ఇప్పుడు నకలు. ఇంకోసారి చేస్తే ఉద్యోగం ఉండదని కింద మేనమామ సంతకం ఉంది. డ్రైవరు తన కట్టు తెచ్చి సామాన్ల గదిలో అప్పగించి, మళ్లీ బ్రష్షు కట్టుకుని వెళ్లాడు.

ఆ ఆదివారం పిన్ని ఇంట్లో కిటికీ పక్కన కూర్చుని కోటు గుడ్డ ముందేసుకుంది. వేలికి టోపీ పెట్టింది. అది జారి కింద పడి మంచం కిందికి దొర్లిపోయింది. కట్లక్క వంగి తీసిచ్చింది. మళ్లీ పెట్టింది, మళ్లీ జారింది. మూడోసారి టోపీని ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చుంది.

"నాదే తప్పు పిన్నీ. నిన్ను అక్కడికి తీసుకెళ్లకుండా ఉండాల్సింది" అంది కట్లక్క.

"నీ తప్పేంటే? నువ్వు నిలబెట్టావు. వాళ్లు చూశారు." పిన్ని గుడ్డ మడత పెట్టి పక్కన పెట్టేసింది. ఆ తర్వాత దుకాణంవాళ్లు వచ్చి మిగిలిన కోట్లు పట్టుకుపోయారు.

కొత్త ఆధారం విడుదల సభ వరండాలోనే జరిగింది. అధ్యక్షులు మెట్లు దిగి వచ్చారు, అదే ఒక విశేషం. మొదటిదాన్ని నమూనా రోగికే తొడగాలని మండలి ముచ్చటపడింది. పిన్ని ముందుకు వచ్చి చెయ్యి చాచింది. మేనమామ స్వయంగా తొడిగాడు. ఎక్కడా బిగువు లేదు, ఎక్కడా వదులు లేదు. వంపుకు వంపు కుదిరిపోయింది. ఫొటోలు తీశారు.

"ఎలా ఉందమ్మా?" అని అడిగారు అధ్యక్షులు.

పిన్ని చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసుకుంది. వృత్తి మర్యాద తెలిసిన మనిషి, కొలత విషయంలో అబద్ధం చెప్పదు. "నా వేలికి కొలత తీసి కుట్టినట్టుందండీ" అంది.

చప్పట్లు మోగాయి. నూటికి నూరు శాతం అమరికతో పరికరం విజయవంతమైనట్టు అక్కడికక్కడే రాసుకున్నారు. కట్లక్క మాత్రం బెంచీ వైపు చూస్తూ నిలబడింది. పెన్నులు, దువ్వెనలు, బ్రష్షు విప్పించి, వరసగా ఒక్కొక్కరికీ ఆధారాలు పంచుతున్నారు. అవి తమ వేళ్లకు సరిపోవడం లేదని కొందరు గొణిగారు. మండలి ఆ ఫిర్యాదులను సానుభూతితో ఆలకించి, ఆధారాలను విప్పకుండా ఉంచుకుంటే వారి వేళ్లు కూడా త్వరలోనే ప్రమాణానికి వస్తాయని ఆశాభావం వ్యక్తం చేసింది.